పదకొండు మరలు

డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ అమ్మాయి నా బ్యాగులోంచి ఒక సాక్సు బయటికి లాగింది. సాక్సులో గుప్పెడంత ఇత్తడి ముక్క, ఒక పక్క పగిలి ఉంది.

"ఏంటిది?" అంది.

"నట్టు."

"దేనిది?"

"పడవది."

"మరి ఇండియాకెందుకు?"

ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు నా దగ్గర లేదు. "మా మావయ్యకి చూపించాలి" అన్నాను. ఆవిడ నన్నూ నట్టునీ మార్చి మార్చి చూసి, దాన్ని మళ్ళీ సాక్సులో దోపి ఇచ్చేసింది. అది 2024 డిసెంబర్. అప్పటికి ఆ నట్టుకి జత వెతకడం మొదలుపెట్టి ఇరవై నెలలు.

పడవ నాది కాదు. మిషిగన్లో మా వీధి చివరింటి పెద్దాయనది. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. 2022 అక్టోబర్లో ఒక సాయంత్రం వాకింగుకి వెళ్తుంటే ఆయన గరాజ్ తలుపు తెరిచి ఉంది. కారుండాల్సిన చోట దుంగల మీద నిలబెట్టిన పదిహేడడుగుల చెక్క పడవ. దాని కింద వెల్లకిలా పడుకుని ఉన్న పెద్దాయన, నా కాళ్ళు చూసి, "ఎవరో గానీ, ఆ లైటు కాస్త ఇటు పట్టుకుంటారా?" అన్నారు. పట్టుకున్నాను. ఇంటికొచ్చేసరికి తొమ్మిదయింది.

నాది భీమవరం. గోదావరి జిల్లావాడినంటే పడవలో పుట్టి పెరిగాననుకుంటారు. నేనెక్కిన పడవల్లా నర్సాపురం రేవులో పంటు, అదీ సఖినేటిపల్లి వైపు పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను గానీ, క్యాంపస్‌లో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేతిలో పడ్డాక స్పానర్ పట్టింది లేదు. కాబట్టి ఆ గరాజ్‌లో నేను కొత్త విద్యార్థిని. వారానికి రెండు సాయంత్రాలు, శనివారం పొద్దున.

ఆ పడవ 1950 నాటి క్రిస్-క్రాఫ్ట్. డెట్రాయిట్‌కి ఈశాన్యంగా సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆల్గొనాక్ అని చిన్న ఊరుంది. అవతలి గట్టు కెనడా. ఆ ఊళ్ళో క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్ అనే ఆయన (పేరు నిజంగా అదే) 1920లలో కొడుకులతో కలిసి పెట్టిన కంపెనీ అది. అప్పటిదాకా మోటారు పడవంటే డబ్బున్నవాళ్ళు ప్రత్యేకంగా చేయించుకునే వస్తువు. వీళ్ళు ఒకే నమూనాలో వరసపెట్టి చేసి అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి ల్యాండింగ్ క్రాఫ్టులు చేశారు. యుద్ధం అయిపోగానే మంచి కలప దొరక్క కొన్ని పడవలు సెడార్‌తో చేసి రంగేసి అమ్మారు. మా పడవ నాటికి మళ్ళీ ఫిలిప్పీన్ మహాగని వచ్చేసింది. అది పేరుకే మహాగని. నిజానికి మన గుగ్గిలం చెట్టుకి దాయాది. ఇంజను ఆరు సిలిండర్ల "కె" మోడల్, 95 హార్స్‌పవర్. దాని బ్లాకు హెర్క్యులిస్ అనే ఇంకో కంపెనీది. దాన్ని పడవకి తగినట్టు మార్చుకుంది మాత్రం వీళ్ళే.

పాత పడవల సంఘం వాళ్ళ లెక్కలో 1942 దాకా చేసినవే "యాంటిక్". 1943 నుంచి 1975 దాకా చేసినవి "క్లాసిక్". పెద్దాయన పుట్టింది 1945లో. "మేమిద్దరం క్లాసిక్కులమే. ఇంకా యాంటిక్ కాలేదు" అనేవారు.

ఆయన ఈ పడవని పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కొన్నారట. కొన్ని వేసవులు తిప్పారు. తర్వాత ఇంజను బిగుసుకుపోయింది, పిల్లలు కాలేజీలకి వెళ్ళారు, పడవ గరాజ్‌లోనే ఉండిపోయింది. రిటైరయ్యాక మొదలుపెట్టి, నేను కలిసేనాటికి అడుగు భాగం మొత్తం ఒక్కరే కొత్తగా వేశారు. పాత పద్ధతిలోనే. లోపలి పొర పలకలు ఏటవాలుగా, బయటి పొర నిలువుగా, రెంటి మధ్యా జిగురులో నానిన కాన్వాసు గుడ్డ.

నాకప్పగించిన మొదటి పని మరమేకులు పీకడం. ఇలాంటి పడవలో మరమేకులు వేలల్లో ఉంటాయి. ఒక్కటీ బయటికి కనపడదు. ప్రతిదాని నెత్తినా చెక్క బిరడా ఉంటుంది. బిరడా జాగ్రత్తగా తొలిస్తే లోపల మరమేకు తల మీద ప్లస్ గుర్తు కనపడుతుంది. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. జారి, తల అరిగిపోయింది. మూడోది కూడా పాడుచేశాక పెద్దాయన నవ్వి వేరే స్క్రూడ్రైవర్ ఇచ్చారు. చూడ్డానికి అదే ప్లస్సు. కానీ ఇది ఫ్రియర్సన్ అట. దాని మొన సూదిగా ఉంటుంది, ఫిలిప్స్‌ది మొద్దుగా ఉంటుంది. చూపుకి ఒకటే అనిపించేవి పనిలోకి వచ్చేసరికి వేరని ఆ రోజే తెలిసింది. తెలిసిన పాఠం తర్వాత అక్కరకి రాలేదు. ఆ సంగతి ముందుకెళ్ళాక చెప్తాను.

పాత మరమేకులు ఇత్తడివి. కొన్ని తిప్పగానే సుద్దముక్కల్లా విరిగాయి. విరిగినచోట గులాబి రంగు. ఇత్తడంటే రాగి, జింకు. ఏళ్ళ తరబడి తడిలో ఉంటే జింకు మెల్లగా కరిగి వెళ్ళిపోతుంది. రాగి గుల్ల మిగులుతుంది. ఆకారం అలాగే ఉంటుంది, బలం ఉండదు. వాటి బదులు ఇప్పుడు సిలికాన్ బ్రాంజ్‌వి వాడతారు.

ఆ చలికాలం నాకు ఇంకో విద్య కూడా పట్టుబడింది. భాగాలు వెతకడం. విండ్‌షీల్డ్ పట్టుకునే బ్రాకెట్టు, డాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ గేజి అద్దం, ముందు భాగంలో పాతకాలపు దీపం. క్రిస్-క్రాఫ్ట్ బాగా అమ్ముడుపోయిన పడవ కాబట్టి చాలావాటికి కొత్త నకళ్ళు దొరుకుతాయి. కానీ నకలుకీ అసలుకీ తేడా తెలిసినవాళ్ళు అసలుదే కావాలంటారు. ఎవరో పోతారు, వాళ్ళ పిల్లలు గోడౌన్ ఖాళీ చేస్తారు, ఒక అట్టపెట్టెలో నలభై ఏళ్ళుగా విప్పని భాగం బయటపడుతుంది. లేదంటే బాగుచెయ్యడానికి వీల్లేని పడవని విప్పి ముక్కలుగా అమ్ముతారు. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆ ఫోటోలు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆగస్టులో ఉత్తరాన హెస్సెల్ అనే ఊళ్ళో జరిగే చెక్క పడవల ప్రదర్శనకి ఆరుగంటలు కారు నడుపుకుంటూ వెళ్ళాను. ఆ దీపం అక్కడే దొరికింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరిగొస్తుంటే కలిగిన సంతోషం ఈ మధ్య ఏ పుస్తకం చదివీ కలగలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను అడపాదడపా పాత పుస్తకాల పునర్ముద్రణల మీద సమీక్షలు రాస్తుంటాను. ఎనభై ఏళ్ళ కిందటి కథని ఈనాటి వాడుకలోకి "సరిచేసి" వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రచయిత రాసింది రాసినట్టు ఉండాలి, అంతే. ఆ పట్టుదలే గరాజ్‌లోకీ తెచ్చుకున్నాను. ప్రదర్శనల్లో జడ్జీలు అసలుది కాని ప్రతి భాగానికీ మార్కులు తీసేస్తారని తెలిశాక ఇంకా గట్టిపడ్డాను. పెద్దాయనకి ఆ మార్కుల పిచ్చి లేదు. ఆయనకి పడవ నీళ్ళలో పడితే చాలు. అసలుది అసలుది అంటూ తిరిగింది నేను.

ఇక నట్టు సంగతి. ఇంజను పడవ లోపల ఉంటుంది, పంకా నీళ్ళలో ఉంటుంది. రెంటినీ కలిపే షాఫ్టు పడవ అడుగులోంచి బయటికి పోవాలి. అంటే పడవకి మన చేతులతో మనమే ఒక చిల్లు పెట్టుకోవాలి. షాఫ్టు తిరగాలి, నీళ్ళు లోపలికి రాకూడదు. అందుకని చిల్లులో ఒక లోహపు గొట్టం, గొట్టంలో షాఫ్టు చుట్టూ మైనం పట్టించిన తాడు మూడు నాలుగు చుట్లు, ఆ తాడుని నొక్కిపట్టి ఉంచడానికి గొట్టం మీద బిగించే పెద్ద నట్టు. చేల మోటార్లు విప్పి చూసినవాళ్ళకి ఇది గ్లాండ్ అని చెప్తే చాలు.

2023 ఏప్రిల్‌కి ఇంజను తిరిగింది. వార్నిష్ పన్నెండు పూతలు పడ్డాయి. మే నెలాఖరుకి సరస్సులోకి దించుదామనుకున్నాం. గ్లాండ్ తాడు మార్చడానికి నట్టు విప్పుతుంటే నా చేతిలోనే టక్కుమంది. పగులు. లోపల గులాబి రంగు.

క్యాటలాగులో చూసి కొత్తది తెప్పించాను. 1½ అంగుళం పైపు మర, అంగుళానికి పదకొండున్నర మరలు. గొట్టం మీద పెట్టి తిప్పితే మూడు చుట్లు హాయిగా తిరిగింది. నాలుగో చుట్టులో బిగుసుకుంది. గొట్టం మరలు మురికి పట్టాయనుకుని వైర్ బ్రష్‌తో తోమాను. మళ్ళీ మూడు చుట్లే. ఇంకో కంపెనీది తెప్పించాను. మూడు చుట్లే. పిచ్ గేజి పెట్టి చూస్తే పదకొండున్నర పలక దాదాపుగా సరిపోయింది. ఆ "దాదాపు" దగ్గర ఆగి ఉండాల్సింది. క్యాటలాగు చూడమన్నదాన్నే నేను చూశాను.

డెట్రాయిట్ చుట్టుపక్కల మెషిన్ షాపులకి కొదవేం లేదు. ఒక చోట అడిగితే డ్రాయింగ్ ఇమ్మన్నారు. వేసిచ్చాను. డ్రాయింగులో పదకొండున్నర అని రాసింది నేనే. వాళ్ళు శ్రద్ధగా చేసిచ్చిన నట్టు కూడా మూడు చుట్లే తిరిగింది. దాంతో ఇది మామూలుది కాదు, ఫ్యాక్టరీ కొద్దికాలమే వాడిన అరుదైన రకమని తేల్చేసుకున్నాను. అసలుది ఎక్కడో ఒక గోడౌన్లో అట్టపెట్టెలో ఉండే ఉంటుంది. వెతకాలి.

క్రిస్-క్రాఫ్ట్ కంపెనీ పాత కాగితాలన్నీ వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో మెరినర్స్ మ్యూజియంలో ఉన్నాయి. పడవ నంబరు చెప్తే దాని కార్డు నకలు ఇస్తారు. ఏ ఇంజనుతో, ఎప్పుడు ఫ్యాక్టరీ దాటిందో అందులో ఉంటుంది. కార్డుతో పాటు డ్రాయింగూ తెప్పించాను. డ్రాయింగులో గ్లాండ్ ఆకారం మా పడవలో ఉన్నదానిలా లేదు. తర్వాత మార్చి ఉంటారులే అనుకున్నాను. నాకు నచ్చని సాక్ష్యాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టాను. ఇదే పని ఒక సంపాదకుడు చేస్తే సమీక్షలో ఉతికి ఆరేసేవాణ్ణి.

గొట్టంతో సహా మొత్తం మార్చెయ్యొచ్చు కదా అని అడగొచ్చు. ఆ గొట్టం పెద్దాయన కొత్తగా వేసిన అడుగులో బోల్టులతో, జిగురుతో కూర్చుని ఉంది. దాన్ని పీకితే ఆ చుట్టూ పలకలు కదపాలి. తర్వాత షాఫ్టునీ ఇంజన్నీ మళ్ళీ వరస కలపాలి. రెండు ఫ్లాంజిల మధ్య తేడా అంగుళంలో వెయ్యింట మూడు వంతులు దాటకూడదు. ఆయన ఆ పని ఒకసారి చేశారు. మళ్ళీ చెయ్యమని అడగలేను.

2023 వేసవి అలా వెళ్ళిపోయింది. మిషిగన్లో పడవకి దక్కేది మే చివరి నుంచి అక్టోబర్ దాకానే. ఆ తర్వాత చలి, ఆపైన సరస్సు మీద మంచు.

2024 మే నెలలో ఒక శనివారం పెద్దాయన, "ఆ కొత్తరకం సీలు ఒకటి ఉందట కదా. రబ్బరు బెల్లోస్‌తో వస్తుంది, చుక్క కూడా కారదట. మన గొట్టానికి పట్టేట్టు ఎవరిచేతనైనా పెట్టించేద్దాం" అన్నారు.

"అది ఈ పడవకి నప్పదండీ. మూడు వారాలు ఆగండి. ఒహాయోలో ఒకాయన దగ్గర పాత సామాను ఉందంట" అన్నాను.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఇసక కాగితం తీసుకుని డెక్ మీద పనిలో పడ్డారు. ఆ మధ్య ఆయన చెక్కని చూడకుండా వేళ్ళతో తడుముతూ రుద్దడం గమనించాను. అది అనుభవం అనుకున్నాను. ఆయన కంటికి మాక్యులా జబ్బు ఉందని నాకు ముందే తెలుసు. అది చూపు మొత్తాన్ని తీసుకుపోదు, మధ్య భాగాన్నే తింటుంది. దేన్ని సూటిగా చూస్తే అదే మసక. పక్కలున్నవి మాత్రం కనపడతాయి. 2023లో ఆయన కారు నడిపేవారు, గేజి మీద అంకెలు చదివేవారు. 2024 సెప్టెంబర్లో కారు తాళాలు కూతురికి ఇచ్చేశారు. ఒహాయో ఆయన దగ్గర నట్టు లేదు.

ఆ నవంబర్లో అమ్మ ఫోన్లో మాటల మధ్యలో, "మావయ్య షాపు తీసేస్తాడంటరా" అంది.

మా మావయ్యది భీమవరంలో లేతు షాపు. చేపల చెరువుల్లో, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లకి షాఫ్టులు, రైస్ మిల్లులకి బుష్షులు, మోటార్లకి గ్లాండ్లు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే పని. ఇప్పుడన్నీ రెడీమేడ్‌గా డబ్బాల్లో వస్తున్నాయి. అరిగితే పారేసి కొత్తది వేస్తున్నారు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో నాలాగే సాఫ్ట్‌వేర్.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. గ్లాండ్ నట్టు. నేను ఎవరెవర్నో అడిగాను. వర్జీనియా మ్యూజియాన్ని అడిగాను, ముక్కూమొహం తెలియని ఒహాయో ఆయన్ని అడిగాను. ఈ జవాబు చేతివేళ్ళలో ఉన్న మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. బీటెక్ రెండో ఏడు అయ్యాక, 2008 వేసవిలో, నెల్రోజులు షాపుకి రమ్మన్నాడు మావయ్య. పుస్తకంలో ఉన్నది చేతికి తెలియాలని. ఇరవయ్యో రోజున ఒక రైతు ఏరేటర్ షాఫ్టు మీద మర తీస్తూ పాడుచేశాను. ఆ రైతు షాపులోనే బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. మావయ్య ఏమీ అనకుండా కొత్త రాడ్డు కట్టి మొదట్నుంచీ మొదలుపెట్టాడు. మర్నాటి నుంచి నేను వెళ్ళలేదు. ఎందుకు రాలేదని ఆయనా అడగలేదు. మూడో ఏడు ఫీజు మాత్రం ఆయనే కట్టాడు. తర్వాత ఎప్పుడు ఊరెళ్ళినా ఇంటికి వెళ్ళి కలిసేవాణ్ణి గానీ షాపు వైపు వెళ్ళేవాణ్ణి కాదు.

డిసెంబర్లో వెళ్ళాను. అదే రేకుల షెడ్డు, అదే బటాలా లేతు, అదే కూలెంట్ వాసన.

"ఏం అల్లుడూ, ఎప్పుడు దిగావ్?"

"రాత్రే మావయ్యా."

సాక్సులోంచి నట్టు తీసి ఇచ్చాను. వెలుతురులోకి తిప్పి చూశాడు. బొటనవేలి గోరు మరల మీద ఒకసారి గీశాడు.

"అంగుళానికెన్నంటావ్?"

"పదకొండున్నర."

కళ్ళద్దాల మీదనుంచి చూశాడు. "అర మరేంట్రా?"

"అమెరికాలో ఉంటుంది మావయ్యా."

"ఉంటే ఉండనీ. ఇది పదకొండు."

లేచి వెళ్ళి తుక్కు డబ్బాలో చెయ్యిపెట్టి కెలికి, తుప్పుపట్టిన ఒకటిన్నర అంగుళం జీఐ నిపిల్ ఒకటి తీశాడు. మనిళ్ళల్లో నీళ్ళ పైపులకి వేసేదే. నట్టుని దాని మీద పెట్టి రెండు వేళ్ళతో తిప్పాడు. మూడు చుట్లు. నాలుగు. ఐదు. ఆరు. ఇరవై నెలలుగా నేను వినని చప్పుడది. మర మీద మర మెత్తగా జారే చప్పుడు.

"పైపు మర. మన చెరువు మోటార్లన్నిటికీ ఇదే. బ్రిటిషోడి మర" అన్నాడు.

నేను పరీక్షలో రాసి మర్చిపోయింది అప్పుడు గుర్తొచ్చింది. బ్రిటిష్ పైపు మర కోణం 55 డిగ్రీలు, అమెరికన్‌ది 60. ఒకటిన్నర అంగుళం పైపు మీద బ్రిటిష్ పద్ధతిలో అంగుళానికి పదకొండు మరలు, అమెరికన్ పద్ధతిలో పదకొండున్నర. మనకి తెల్లవాళ్ళు వదిలిపోయిన కొలతలే ఇప్పటికీ పైపులకి ప్రమాణం. మొదటి మూడు చుట్లలో ఆ అర మర తేడా తెలియదు. నాలుగో చుట్టుకి పోగుపడి బిగుసుకుంటుంది.

"ఎన్నాళ్ళనుంచి వెతుకుతున్నావేంటి?"

"ఇరవై నెలలు."

"వాట్సాప్‌లో ఓ ఫోటో పెట్టకపోయావా?"

ఏం చెప్పను? పాత ఏరేటర్ షాఫ్టు ఒకటి గోడకి ఆనించి ఉంటే దానివైపు చూస్తూ నిలబడ్డాను.

"ఇత్తడి వద్దులే. గన్‌మెటల్ పెడదాం. నీళ్ళలో ఇత్తడి నిలవదు" అన్నాడు. రాగిలో తగరం ఎక్కువ, జింకు తక్కువ ఉండేది గన్‌మెటల్. మర్నాడు పోత దిమ్మ తెచ్చి లేతుకి కట్టాడు. బయట తీశాడు, లోపల బోరు చేశాడు. గేర్లు మార్చి లోపలి మర మొదలుపెట్టాడు. ప్రతి కోతకీ టూలు వెనక్కి లాగి, లివర్ విప్పకుండా మిషన్నే వెనక్కి తిప్పి, కాస్త లోతు పెంచి, మళ్ళీ. ఒక్కొక్క కోతలో వెంట్రుకంత. సగమయ్యాక పక్కకి జరిగి, "మిగతాది నువ్వు తియ్యి" అన్నాడు.

"పాడవుద్దేమో మావయ్యా."

"పాడైతే ఇంకోటి తీద్దాం. రైతులెవరూ కూర్చోలేదు కదా."

ఆయనకి గుర్తుంది.

తీశాను. నాలుగు కోతలు. ఆఖరి కోత అయ్యాక నిపిల్ తెచ్చి ఆయనే తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. "ఇంకోటి కూడా చేసుకుందాం, దగ్గరుంటే మంచిది" అని రెండో దిమ్మ కట్టాడు. అది మొత్తం నాచేతే చేయించాడు. డబ్బుల ఊసెత్తితే, "దానికి డబ్బులేంట్రా? పడవ తిరిగాక వీడియో పెట్టు, చాలు" అన్నాడు.

తిరిగొస్తూ విమానంలో ఆలోచించాను. అంటే ఆ నట్టు ఫ్యాక్టరీది కాదు. నట్టు ఎక్కే గొట్టమూ కాదు. మ్యూజియం డ్రాయింగు నిజమే చెప్పింది. ఎప్పుడో ఎవరో అసలు గ్లాండ్ పాడైతే, చేతికి దొరికిన బ్రిటిష్ మర గొట్టం పెట్టి, దానికి తగ్గ నట్టు లేతు మీద తీశారు. ఎవరో, ఏ ఊళ్ళోనో తెలిసే దారి లేదు.

పాత కావ్యాల్లో ఇలాంటి దాన్ని ప్రక్షిప్తం అంటారు. కవి రాసింది కాదు, తర్వాత ఎవరో దూర్చినది. బ్రౌన్ దొర వేమన పద్యాల తాళపత్రాలు పోగేసి, పండితుల చేత పోల్చి చూపించి, 1829లో అచ్చు వేసినప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఏవి వేమనవి, ఏవి కావన్న తగువు తెగలేదు. నేనెప్పుడూ ప్రక్షిప్తాలు ఏరి అవతల పారెయ్యాలనే పక్షం. అలాంటి నేను ఇరవై నెలలు ఒక ప్రక్షిప్తానికి "అసలు ప్రతి" కోసం వెతికాను. పైగా పెద్దాయన తన పిల్లల్ని ఎక్కించుకుని తిప్పిన వేసవులన్నిటా పడవలోకి నీళ్ళు రాకుండా ఆపింది ఆ ప్రక్షిప్తమే. ఫ్యాక్టరీ పెట్టింది కాదు.

పునర్ముద్రణల మీద నా అభిప్రాయం మారిందని చెప్పను. రచయిత మాట మార్చకూడదనే ఇప్పటికీ అంటాను. పడవ వేరు. అది నీళ్ళలోకి వెళ్ళడానికి చేసింది. నేను దాన్ని గరాజ్‌లో పెట్టి చదువుతూ కూర్చున్నాను.

2025 జూన్‌లో పడవని దించాం. చెక్క పడవని ఏళ్ళ తర్వాత నీళ్ళలో పెడితే మొదట కారుతుంది. కారాలి కూడా. పలకలు నీళ్ళు తాగి ఉబ్బి, వాటి మధ్య సందులు అవే మూసుకోవాలి. ట్రెయిలర్ మీదే లోతు తక్కువ చోట ఉంచి, పంపు పెట్టి, రెండు రోజులు వదిలేశాం. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ, "మీ పడవ మునుగుతోంది" అని చెప్పి వెళ్ళారు. మూడో రోజు పొద్దున లోపల చూస్తే అడుగున తడి తప్ప నీళ్ళు లేవు. నట్టు దగ్గర ఒక్కొక్క చుక్క మాత్రం.

స్టీరింగ్ పెద్దాయనకి ఇవ్వబోయాను. సరస్సు మధ్యలోకి నేను తీసుకెళ్తాను, అక్కడ మీరు పట్టుకోండి, నేను పక్కనే ఉంటాను అన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పారు.

"ఈ సరస్సు నాకు కంఠతా వచ్చు. కానీ ఆ డాక్ దగ్గర పిల్లలు ఈదుతున్నారు, చప్పుడు వినపడుతోంది. సూటిగా ముందున్నదే నాకు కనపడదు." కాసేపాగి, "పోయినేడయితే నడిపేవాణ్ణి" అన్నారు.

నన్ను తప్పుపట్టడానికి అనలేదు. ఉన్న సంగతి చెప్పారు, అంతే. పోయినేడు మే నెలలో మూడు వారాలు ఆగమన్నది నేను. దీని గురించి ఇంకెంత రాసినా అది నాకు నేను చెప్పుకునే సంజాయిషీ అవుతుంది.

నేనే నడిపాను. ఆయన పక్క సీట్లో తల కొంచెం ఓరగా పెట్టి కూర్చున్నారు. అలా పెడితేనే గట్టు కనపడుతుంది ఆయనకి. ఎవరిల్లు ఎక్కడో, ఎక్కడ రాళ్ళున్నాయో చెప్తూ వచ్చారు. ఇంజను చప్పుడు కాస్త మారితే, "తగ్గించు" అన్నారు. తగ్గించాను. ఒక చోట, "ఇక్కడ మా పెద్దవాడు మొదటిసారి స్టీరింగ్ పట్టుకున్నాడు" అన్నారు.

ఒడ్డుకి వచ్చాక రెండో నట్టుకి ఒక చీటీ కట్టి టూల్ బాక్సులో పెట్టాను. "గ్లాండ్ నట్టు. 1½ అంగుళం బ్రిటిష్ పైపు మర, అంగుళానికి 11, గన్‌మెటల్. భీమవరంలో చేసింది, డిసెంబర్ 2024" అని ఇంగ్లీషులో రాశాను. తాళపత్రాలు రాసినవాళ్ళు చివర ఊరూ తిథీ రాసి తప్పులుంటే క్షమించమనేవాళ్ళు. నేను ఊరూ తేదీ దగ్గర ఆపాను. ఇంకో యాభై ఏళ్ళకి ఎవరైనా ఈ పడవ విప్పితే ఇరవై నెలలు పట్టకూడదు.

మావయ్యకి వీడియో పంపాను. పడవ సరస్సు మీద వెళ్తున్నది ఒకటి, ఇంజను తిరుగుతుండగా గ్లాండ్ దగ్గర తీసింది ఒకటి. షాపు సంక్రాంతి వెళ్ళాక మూసేశాడు. లేతు ఇనప సామాన్లవాడికి తూకానికి వెళ్ళిపోయిందని అమ్మ చెప్పింది. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది. అయినా రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"బాగుంది అల్లుడూ పడవ. ఆ రెండోది మళ్ళీ చూశాను. చుక్క కారడం మంచిదే, అసలు కారకపోతే షాఫ్టు కాలిపోద్ది. కానీ అది మరీ ఎక్కువ కారుతోంది. ఓ పావు చుట్టు బిగించు."

"పెద్ద స్పానర్ గరాజ్‌లో ఉండిపోయింది మావయ్యా. రేపు చేస్తాలే."

"రేపెందుకు? వెళ్ళి తెచ్చుకో. నేను లైన్లోనే ఉంటాను."

వెళ్ళి తెచ్చాను. పెద్దాయన లైటు పట్టుకున్నారు. పావు చుట్టు బిగించాను.